గుర్రమూ, ఎలుకా, మా ఆవిడా

మా వంశంలో ఏడు తరాలుగా గుర్రమెక్కినవాడు లేడు. పెళ్లి ఊరేగింపుకి కూడా మావాళ్లు పల్లకీతోనే సరిపెట్టుకున్నారు. అయినా మా నాన్నగారి ఒంట్లో కొద్దిరోజులపాటు గుర్రం కాపురముండి వెళ్లింది. ఆయన ప్రాణం నిలబెట్టిందీ అదే, పదో రోజున ఇంటిల్లిపాదినీ హడలగొట్టిందీ అదే. తర్వాత ఏభై ఏళ్లకు మా ఆవిడ ఒంట్లోకి ఎలుక ప్రవేశించింది. ఈ రెండింటికీ చుట్టరికం ఉన్నదని నాకు చాలాకాలం తెలియదు. తెలిసిన దగ్గరనుంచీ ఎవరితోనైనా చెబితేగాని తోచడంలేదు. ఇంట్లోవాళ్లు పదిసార్లు విన్నారు. ఇహ వినం పొమ్మన్నారు. కనుక మీతో చెబుతున్నాను.

ముందు గుర్రం సంగతి.

1969 డిసెంబరు. నాకప్పుడు పన్నెండేళ్లు. అవనిగడ్డకు నాలుగు మైళ్ల దూరాన మాకు మూడెకరాల మాగాణి ఉండేది. సార్వా కోతలయి పనలు చేలో ఆరుతున్నాయి. మబ్బు పట్టిందని నాన్నగారు పొద్దువాలే వేళకు వెళ్లి, పాలేరుతోపాటు తనూ పనలెత్తసాగారు. చెప్పులు గట్టుమీదనే విడిచారు. పంట చేలో చెప్పులతో నడవడం భూదేవికి అపచారమని ఆయన నమ్మకం. మూడో పనో నాలుగో పనో ఎత్తేసరికి దానికింద రక్తపింజర ఉన్నది.

ఈ పామును ఇంగ్లీషువాళ్లు రస్సెల్ పేరుతో పిలుస్తారు. రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో కుంపిణీ కొలువు చేసి, 1796లో మన కోస్తా పాములమీద పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. అందులో దీనికి మనవాళ్లు చెప్పిన పేరే వ్రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. ఎంత ముద్దొచ్చే పేరో చూడండి. కరవనంతసేపూ ముద్దుగానే ఉంటుంది.

పాలేరు పామును చంపి కర్రకు వేలాడదీసుకుని వచ్చాడు. వాకిట్లో ఊరంతా పోగయింది. ఒకరు వేపాకు నమిలించమన్నారు. మరొకరు మంత్రగాడికోసం మనిషిని పంపామన్నారు. మా బామ్మ మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకుని పసుపుగుడ్డలో అర్ధరూపాయి ముడివేసింది. మా అమ్మ నలుగురిలోకి వచ్చి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం వచ్చింది. "మంత్రం బండిలో కూర్చుని వేయమనండి. బండి ఆగటానికి మాత్రం వీల్లేదు" అన్నది. చల్లపల్లిదాకా ఎడ్లబండి, అక్కణ్ణించి అద్దె కారు.

పట్నం ఆస్పత్రిలో డాక్టరుగారు నాన్నగారి రక్తం కాస్త తీసి గాజు గొట్టంలో పోసి, బల్లమీద నిలబెట్టి గడియారం చూచుకున్నారు. చాలాసేపటి తర్వాత గొట్టాన్ని వంచితే రక్తం నీళ్లలాగా పక్కకు ఒరిగింది. రక్తపింజర విషం చేసే పని అదేనట. రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరంజామానంతా తగలేసి కూర్చుంటుంది. అప్పుడు ఆయన బీరువాలోంచి సీసాలు తీశారు. బొంబాయిలో తయారైన మందు. దాన్ని సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించారు.

అరగంట అయిందో లేదో నాన్నగారికి చలి మొదలైంది. మంచం కోళ్లు గచ్చుమీద టకటకలాడే చలి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. ఊపిరి పిల్లికూతలు పెట్టింది. మా అమ్మ విషం తలకెక్కిందనుకుని గోడకు చేరగిలబడింది. డాక్టరుగారు మందు ఆపి, ఇంకేదో సూది పొడిచి, నాడి పట్టుకుని కూర్చున్నారు. చలి తగ్గాక మళ్లీ అదే మందు ఎక్కించారు, ఈసారి చుక్క తర్వాత చుక్కగా. మళ్లీ చలి. మళ్లీ ఆపడం. ఆ రాత్రి మూడుసార్లు అయింది ఆ తంతు. తెల్లవారి ఆయన నన్ను దగ్గరకు పిలిచి గాజు గొట్టం వంచి చూపించారు. "చూడవోయ్, కదలడంలేదు" అన్నారు. రక్తం అడుగున జున్నుముక్కలాగా నిలిచింది.

అయిదో రోజున ఇంటికి తీసుకువచ్చాం. పదో రోజున నాన్నగారికి జ్వరం వచ్చింది. మోకాళ్లూ మణికట్లూ వాచాయి, మళ్లీ దద్దుర్లు. విషం తిరగబెట్టిందని బామ్మ గోల పెట్టింది. మళ్లీ పట్నం పరుగెత్తాం. డాక్టరుగారు చూచి నవ్వారు.

"ఇది పాముది కాదమ్మా, గుర్రానిది" అన్నారు.

అప్పుడు చెప్పారు ఆ కథ. పాము విషాన్ని కొద్దికొద్దిగా, గుర్రానికి ప్రాణహాని లేనంత మోతాదులో, నెలలతరబడి ఎక్కిస్తారట. గుర్రం ఒళ్లు ఆ విషానికి విరుగుడు పుట్టించుకుంటుంది. ఆ విరుగుళ్లనే యాంటీబాడీలంటారు. గుర్రం రక్తం తీసి, అందులోని సీరం వేరుచేసి, మనిషికి ఎక్కిస్తారు. ఫ్రాన్సులో కాల్మెట్ అనే ఆయన 1890లలో మొదలుపెట్టిన పద్ధతి. గుర్రపు విరుగుడు పామువిషాన్ని పట్టుకుంటుంది, నిజమే. కాని మన ఒంట్లో ఉండే రక్షకభటులకు ఆ గుర్రం మేలు చేయడానికి వచ్చిందన్న సంగతి తెలియదు. పరాయిదన్నంత మాత్రం తెలుసు. కొంతమందికి వచ్చీ రాగానే తిరగబడతారు. కొంతమందికి వారం పదిరోజులు కూడబలుక్కుని తిరగబడతారు. వియన్నాలో ఇద్దరు పిల్లల డాక్టర్లు 1905లోనే దీనిమీద పుస్తకం వ్రాశారట.

"ఇంకోసారి పాము కరిస్తేనో?" అన్నది మా అమ్మ.

"కరవకుండా చూసుకోవాలమ్మా. ఒళ్లు ఇప్పుడు గుర్రాన్ని గుర్తుపెట్టుకుంది" అన్నారు డాక్టరుగారు.

ఆ తర్వాత నాన్నగారు పోయేవరకూ చేలోకి తోలుబూట్లు వేసుకునే వెళ్లారు. ఊళ్లోవాళ్లు ఆయన్ని బూట్ల రైతు అనేవారు. భూదేవికి ఆయన ఏమని చెప్పుకున్నారో మాకు తెలియదు.

ఇహ ఎలుక సంగతి.

నేను ఉద్యోగం విరమించి విజయవాడలో సత్యనారాయణపురంలో ఉంటున్నాను. 2015లో మా ఆవిడకు చేతివేళ్లు పట్టుకుపోవడం మొదలైంది. పొద్దున్నే లేస్తే గంటన్నరదాకా పిడికిలి మూయలేకపోయేది. పాల ప్యాకెట్టు చింపడానికి నన్ను లేపేది. మొదట నేను విసుక్కున్నాను, అది ఒప్పుకోవాలి. ఆవిడ లక్షవత్తుల నోము పట్టి ఉన్నది. వత్తులు చేసుకునే పత్తి డబ్బా అటకమీదికి వెళ్లింది. వాకిట్లో ముగ్గు పనిమనిషి వేయసాగింది. ఆవిడకు ఆ ముగ్గు నచ్చేదికాదు. కాని కిటికీలోంచి చూచి ఊరుకునేది.

కీళ్లవాతంలో రుమటాయిడ్ అనే రకమన్నారు. అంటే మళ్లీ ఆ రక్షకభటులే. ఈసారి ఏ గుర్రమూ రాకుండానే సొంత ఇంటిమీద పడ్డారు. మాత్రలు వాడాం. కొంత తగ్గింది, కొంత తగ్గలేదు. 2017లో డాక్టరమ్మగారు (మా అమ్మాయి వయస్సుది, నన్ను మాష్టారూ అంటుంది) ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఎక్కిద్దామన్నది. ముందు క్షయ ఏమైనా దాగి ఉన్నదేమోనని పరీక్షలు చేయించింది. రెండు నెలలకొకసారి ఆస్పత్రిలో కూర్చోబెట్టి రెండుమూడు గంటలసేపు ఎక్కించాలి. ఖరీదు విన్నాక నేను మంచినీళ్లడిగి తాగాను.

"ఏమిటమ్మా అది?" అంటే, "యాంటీబాడీ మాష్టారూ. కీళ్లలో వాపు రగిలించే పదార్థమొకటుంది, దాన్ని పోయి పట్టుకుంటుంది" అన్నది.

యాంటీబాడీ అనగానే నాకు మంచం కోళ్ల చప్పుడు వినబడింది. "గుర్రానిదా?" అన్నాను.

"కాదు. నాలుగోవంతు ఎలుకది."

మా ఆవిడ నావంక చూచింది. మా ఇంట్లో ఎలుకల బోను పెట్టేది ఆవిడే. కాని వెంటనే సర్దుకున్నది. "వినాయకుణ్ణి అంతటివాణ్ణి మోస్తోంది. నన్ను మోయదూ?" అన్నది.

ఎలుక ఎందుకు వచ్చిందంటే, అదొక కథ. గుర్రపు సీసాలో ఉన్నదంతా పాము విరుగుడే కాదు. ఆ గుర్రం జన్మలో ఎదుర్కొన్న నానా సూక్ష్మజీవులకూ పుట్టించుకున్న విరుగుళ్లన్నీ అందులో ఉంటాయి. మనకు కావలసినది కొద్ది, వద్దన్నది అధికం. అట్లా కాకుండా ఒకే యాంటీబాడీని అచ్చుగుద్దినట్టు ఎంతైనా తయారుచేసే ఉపాయం 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనే ఇద్దరు కనిపెట్టారు. ఎలుకలోంచి యాంటీబాడీ పుట్టించే కణాన్ని తీసి, చావులేని క్యాన్సరు కణంతో కలిపి కాపురం పెట్టించారు. వారికి 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. 1986లో మొట్టమొదటి ఎలుక యాంటీబాడీ మందు అమెరికాలో ఆమోదం పొందింది, మూత్రపిండం మార్పిడి చేసినవాళ్లకోసం. వైద్యలోకమంతా పండుగ చేసుకుంది. కాని మనిషి ఒళ్లు గుర్రాన్ని గుర్తుపట్టినట్టే ఎలుకనూ గుర్తుపట్టింది. ఒకటి రెండు దఫాల తర్వాత ఆ మందునే వేటాడసాగింది.

యాంటీబాడీ ఆకారం పంగలకర్రలాగా ఉంటుంది. రెండు కొమ్మలు, ఒక కాడ. శత్రువును పట్టుకునేది కొమ్మల కొసలు. కాడ పని వేరు, అది మన ఒంటి సైన్యాన్ని పిలుస్తుంది. నాన్నగారి నాటినుంచి వాడే పాము విరుగుడులో కూడా ఒక ఉపాయముంది. పెప్సిన్ అనే జీర్ణరసంతో గుర్రపు కాడను కత్తిరించి, కొమ్మలు మాత్రం ఉంచుతారు. గుర్రం కొంత తగ్గుతుంది, పోదు. ఎలుక విషయంలో ఇంకా దూరం వెళ్లారు. 1984 ప్రాంతంలో ఎలుక కొమ్మ కొసల్ని మనిషి కాడకు తగిలించారు. మా ఆవిడకు ఎక్కించినది ఆ రకం. అందుకే నాలుగోవంతు ఎలుక.

తర్వాత గ్రెగ్ వింటర్ అనే ఆయన, ఆయనదీ కేంబ్రిడ్జే, కొసలను ఇంకా దగ్గరగా చూచాడు. ఒక్కొక్క కొసనా ఆరు చిన్న మెలికలున్నాయి, వేళ్లలాగా. పట్టుకునేవి ఆ వేళ్లే. మిగతాదంతా వాటిని నిలబెట్టే చెయ్యి. మరి ఎలుక చెయ్యంతా దేనికి? వేళ్లు మాత్రం తీసి మనిషి చేతికి అంటు కడితే పోలేదూ? 1986లో ఆ పని చేసి చూపించాడు.

అంటు అన్న మాట నాది కాదు సుమా. వాళ్లూ ఆ మాటే వాడారు. డాక్టరమ్మగారు ఇది చెబుతూంటే మా ఆవిడ, "నూజివీడు రసం లాగానన్నమాట" అన్నది. వేరూ మొదలూ టెంకమొక్కవి, కాపు రసాలది. నేల ఆ వేరును తనదనుకుంటుంది, పండు తినేవాడు రసం తింటాడు. డాక్టరమ్మగారు నవ్వి, ఇకమీదట అందరికీ ఇట్లాగే చెబుతానన్నది.

కాని అంటు కట్టడం తెలిసినవాళ్లకు తెలుసు, కట్టినవన్నీ పట్టవు. వేళ్లు మార్చేసరికి చాలాసార్లు పట్టు సడలిపోయింది. ఒళ్లు ఊరుకున్నది గాని మందు పనిచేయదు. ఎందుకంటే వేలికి కింద కణుపు ఆసరా ఉండాలి. ఆ కణుపు ఎలుకదైతేనే ఆ వేలు సరిగ్గా వంగుతుంది. కనుక చేతిలోంచి ఒకటి రెండు చోట్ల మనిషి ముక్క తీసి మళ్లీ ఎలుక ముక్క పెట్టవలసి వచ్చింది. 1988లో వింటర్ బృందం అట్లా పెట్టిన ఒక్క చిన్న ముక్కతోనే పోయిన పట్టు చాలామటుకు తిరిగి వచ్చిందట. ఎంత ఎలుకను తీసేయాలి, ఎంత ఉంచాలి అన్నదే ఈ విద్యలో అసలు కిటుకు. పూర్తిగా తీసేస్తే చేతకానివాడవుతాడు, పూర్తిగా ఉంచితే ఇంట్లో ఇమడడు. ఇల్లరికపుటల్లుళ్లను ఎరిగినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక తమాషా ఏమిటంటే, చాలాకాలంపాటు ఈ మందుల పేర్లలోనే గోత్రం ఉండేది. అన్నిటికీ చివర మాబ్. దానికి ముందు ఓ ఉంటే ఎలుక. క్సి ఉంటే ఎలుకా మనిషీ కలిసిన జాతి: మా ఆవిడ ఇన్‌ఫ్లిక్సిమాబ్ అదే, రక్తపు క్యాన్సరుకిచ్చే రిటుక్సిమాబ్ అదే. (ఆ రిటుక్సిమాబ్‌కు సరిజోడు మందు ప్రపంచంలో మొదట తెచ్చింది 2007లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌వారు.) జు ఉంటే అంటు కట్టినది: రొమ్ము క్యాన్సరుకిచ్చే ట్రాస్టుజుమాబ్ అటువంటిది. ఒట్టి ఉ ఉంటే పూర్తిగా మనిషిది, అడాలిముమాబ్ లాగా. 2017 తర్వాత పెట్టే పేర్లకు ఈ గోత్రం తీసేశారు. మనిషిదన్నంత మాత్రాన ఒళ్లు ఊరుకుంటుందన్న భరోసా లేదని తేలింది మరి. ఉ మందుకు కూడా కొందరి ఒళ్లు తిరగబడుతుంది. కాడ మనదైనా, చెయ్యి మనదైనా, ఆ వేళ్ల ముద్ర మాత్రం ఒంటికి కొత్తదే గదా.

మళ్లీ మా ఇంటికి వస్తాను. మూడో దఫా ఎక్కించాక ఒక తెల్లవారుజామున నేను లేచేసరికి పాలు కాగి ఉన్నాయి. ప్యాకెట్టు ఎవరు చింపారని అడగలేదు. పత్తి డబ్బా అటకమీదినుంచి దిగింది. పనిమనిషి ముగ్గును తుడిచి ఆవిడ తనే వేసుకున్నది. ఏడాదిన్నర అట్లా గడిచింది. దీనితోపాటు ఆదివారం ఆదివారం ఒక పసుపుపచ్చ మాత్ర, మెథోట్రెక్సేట్, తప్పకుండా వేసుకోవాలన్నారు. వారానికి ఒక్కసారే; రోజూ వేసుకుంటే ప్రమాదమని పదేపదే హెచ్చరించారు. మాత్రా నీళ్లగ్లాసూ నేనే అందించి, మళ్లీ పేపరులో తల దూర్చేవాణ్ణి.

2019 శ్రావణంలో వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. ఆ దఫా మందు ఎక్కించడానికి వెళ్తే, ఇరవై నిమిషాలు కాకుండానే ఆవిడకు చలి మొదలైంది. మెడమీద దద్దుర్లు. మంచం ఇనుపది, గచ్చు నున్నటి పలకలది, అయినా ఆ చప్పుడు నాకు తెలుసు. ఏభై ఏళ్లయినా మరిచిపోలేదు. నర్సు వెంటనే గొట్టం మూసింది. నేను "ఇది రోగానిది కాదు, ఎలుకది" అన్నానట. నాకు గుర్తులేదు. నర్సు ఆ మాట డాక్టరమ్మగారితో చెప్పిందట.

కాస్త తేరుకున్నాక డాక్టరమ్మగారు, "అమ్మా, ఆదివారం మాత్ర వేసుకుంటున్నారు గదూ?" అని అడిగింది.

"ఆఁ, వేసుకుంటున్నా" అన్నది మా ఆవిడ, పైకప్పు వంక చూస్తూ.

రక్తం పరీక్షకు పంపితే మందు జాడ దాదాపు లేదు. దాన్ని పట్టి తినేసే యాంటీబాడీలు మాత్రం దండిగా ఉన్నాయి. విరుగుడుకే విరుగుడు. నాలుగు రోజుల తర్వాత చారు పెట్టుకుందామని ఇంగువకోసం పోపుల డబ్బా తీశాను. మెంతుల కింద చిన్న కాగితపు పొట్లం. విప్పితే పసుపుపచ్చ మాత్రలు. లెక్కపెట్టాను. ముప్పైయొకటి.

"ఇదేమిటి?" అన్నాను.

"అది వేసుకున్న మర్నాడంతా కడుపులో తిప్పుతుందండీ. చేతులు బాగానే ఉన్నాయి గదా అని మానేశాను."

"మరి పారేయలేదేం?"

"డబ్బు పోసి కొన్నవి ఎట్లా పారేస్తాను?"

నాకు కోపం వచ్చింది. అరిచాను కూడాను. ఆవిడ ఏడవలేదు. "మీ పింఛనంతా నా చేతుల్లోకే పోస్తున్నారు. ఇంకా కడుపులో తిప్పుతోందని కూడా ఏమని చెప్పను?" అన్నది. ముప్పైయొక్క ఆదివారాలు నేను గ్లాసు అందించాను. ఒక్క సోమవారమైనా ఎట్లా ఉన్నదని అడగలేదు. ఆ రాత్రి చారు పెట్టలేదు.

ఆ మాత్ర చేసే పని అప్పుడు వివరంగా తెలుసుకున్నాను. కీళ్లకు అది చేసే మేలు ఒకటి. రెండోది, పరాయి యాంటీబాడీమీద కత్తిదూసే కణాలను జోకొడుతుంది. ఆ కాపలా తీసేసినందుకే మందు చెడిపోయిందని రూఢిగా అనలేము గాని, అయి ఉండవచ్చునన్నది డాక్టరమ్మగారు. ఆ మాత్ర వెనకటి కథ చదివితే ఇంకొకటి బయటపడింది. మా ఆవిడ పుట్టిల్లు భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టినదీ ఆ ఊళ్లోనే. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ ఆమ్లానికి ఎదురుతిరిగే పదార్థాలనూ వాళ్లే తయారుచేశారు. పిల్లల రక్తపు క్యాన్సరును మొదట లొంగదీసినవి అవి. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఆయన 1948లో పోయారు. కీళ్లవాతానికి దాన్ని అమెరికాలో ఆమోదించింది 1988లో. కడుపులో తిప్పకుండా మరో రోజున వేసుకోమనే ఫోలిక్ మాత్ర కూడా ఆయనగారి ఇంటిదే. మందూ ఆయనదే, దాని బాధకు ఉపశమనమూ ఆయనదే.

"మీ ఊరివాడి మాత్రను మెంతుల్లో దాచావు" అన్నాను.

"ముందే చెబితే బాగుండేది" అన్నది. ఆవిడ మొహంలో నవ్వు చూచి వారమైంది.

తర్వాత జు మందుకు మారాం. టోసిలిజుమాబ్. జపానువాళ్లదీ ఇంగ్లీషువాళ్లదీ ఉమ్మడి అంటు. ఎలుక వేళ్లు మాత్రమే ఉన్నాయి. ఆదివారం మాత్ర మోతాదు తగ్గించారు. వేళ్లు మళ్లీ లొంగాయి. 2021 వేసవిలో కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఆ పేరు మీరూ వినే ఉంటారు. ఊపిరితిత్తులు వాచినవాళ్లకు అదే మందని దేశమంతా దానికోసం పరుగులెత్తింది. మాకు రెండు దఫాలు దొరకలేదు. నేను నాలుగు ఊళ్లకు ఫోన్లు చేశాను. ఆవిడ, "ఊపిరాడనివాళ్లకు పోనివ్వండి. నాకు పాల ప్యాకెట్టు మీరు చింపుదురుగాని" అన్నది. ఆ సెప్టెంబరులో హైదరాబాదు హెటెరోవారి సరిజోడు మందుకు కరోనా రోగులకోసం అత్యవసర అనుమతి వచ్చింది. అప్పటికి మా సంగతి కూడా చక్కబడింది.

ఇంతవరకూ అయితే ఇది వ్రాసేవాణ్ణి కాదేమో. 2024లో జరిగినది చెప్పాలి.

దివిసీమలో మా మూడెకరాలు ఇప్పుడు కౌలుకిచ్చాం. ఆ నవంబరులో ఒక రాత్రి కౌలుదారు ఫోను చేశాడు. కొడుకును పాము కరిచిందట. ఇరవై రెండేళ్ల కుర్రాడు. సెల్‌ఫోనులో ఫోటో తీశాడు, మాలాగా చంపి తేలేదు. రక్తపింజరే. తెల్లవారి బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్లి ఆస్పత్రి చేరేసరికి గాజు గొట్టం బల్లమీద ఉన్నది. కుర్రాడు వణుకుతున్నాడు. పది సీసాలు కలిపి ఎక్కిస్తూ మధ్యలో ఆపారు. సూది పొడిచారు. మళ్లీ మొదలుపెట్టారు. వాడి తల్లి గోడకు చేరగిలబడి ఉన్నది.

ఏభై అయిదేళ్లు. సీసా శుభ్రపడింది, డాక్టర్లకు నేర్పు పెరిగింది, మందుకు డబ్బు తీసుకోలేదు. కాని సీసాలో ఉన్నది ఇంకా గుర్రమే. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "నాకు ఎలుక వేళ్లు తప్ప అంతా మనిషిని చేసిపెట్టారు. వాడికి ఇంకా గుర్రమేమిటండీ?" అన్నది.

నేను డాక్టరమ్మగారిని అడిగాను. ఒక చిక్కు నిజంగానే ఉంది. నా భార్యకు పట్టుకోవలసిన పదార్థం ఒకటే, కనుక ఒక యాంటీబాడీ చాలు. పాము కోరలో ఉన్నది ఒక విషం కాదు, పదుల రకాల విషాల కలగూరగంప. నాగుది వేరు, కట్లపాముది వేరు, పింజరలది వేరు. ఒక్కొక్కదానికీ వేరే అంటు కావాలి. గుర్రమైతే అన్నిటికీ ఒకేసారి విరుగుడు పుట్టిస్తుంది. ఆ జంతువు చేసే పని తక్కువది కాదు. రెండో చిక్కు ఆవిడ పైకి అనలేదు, నేనంటాను. కీళ్లవాతం అమెరికాలోనూ ఉంది. రక్తపింజర మా కౌలుదారు చేలో ఉంది. 2000 నుంచి 2019 వరకూ మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల పట్టీలో చేర్చింది 2017లో. 2018 వానల్లో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు దేవాదాయశాఖవారు మోపిదేవిలో సర్పశాంతి హోమం చేయించారు. చదువుకున్నవాళ్లు నవ్వారు. మా బామ్మ అర్ధరూపాయి గుర్తొచ్చి నేను నవ్వలేకపోయాను.

పని మొదలవలేదని కాదు. 2024 ఫిబ్రవరిలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌వారూ అమెరికా స్క్రిప్స్ సంస్థవారూ కలిసి ఒక మానవ యాంటీబాడీని ప్రకటించారు. నాగు, కట్ల జాతుల విషాల్లో నరాలను పడగొట్టే ఒక పెద్ద తరగతిని అది పట్టుకుంటుంది. ఎలుకలను బ్రతికించింది. అందులో గుర్రం లేదు. రక్తపింజర కూడా లేదు. దాని విషం దారే వేరు.

కుర్రాడు ఆరోనాడు ఇల్లు చేరాడు. నేను క్యాలెండరులో పదో రోజుకు సున్నా చుట్టి పెట్టుకున్నాను. ఆ ఉదయం ఫోను చేసి, "ఏరా, ఎట్లా ఉన్నావు?" అన్నాను.

"బాగానే ఉందండి. రాత్రినుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. మోకాళ్లు లాగుతున్నాయి. మా అమ్మ విషం తిరగబెట్టిందని ఏడుస్తోందండి."

"మీ అమ్మకివ్వు ఫోను" అన్నాను.

లోపల మా ఆవిడ పత్తి డబ్బా ముందేసుకుని వత్తులు చేస్తోంది. నా మాట వినబడి లెక్క తప్పినట్టుంది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టసాగింది.

"అమ్మా, ఇది పాముది కాదు, గుర్రానిది. భయపడక్కరలేదు. కాని ఇప్పుడే బయలుదేరి ఆస్పత్రికి తీసుకుపో" అన్నాను.

"గుర్రమేంటి బాబుగారూ?" అన్నది ఆ తల్లి.

నేను కుర్చీ దగ్గరకు లాక్కున్నాను.